ఒక బిళ్ళ ఎక్కువ

దొంగతనం టిఫిన్ డబ్బాలో జరిగిందని వియ్యంకుడు అప్పటికే తేల్చేశాడు.

డబ్బా ఆఫీసు గదిలో టేబుల్ మధ్యన ఉంది. గుండ్రటి స్టీలు డబ్బా, తోమి తోమి అంచులు అరిగినది. వియ్యంకుడు దాన్ని చూపుడువేలితో నెమ్మదిగా తిప్పుతున్నాడు. గుమ్మంలో టీచరమ్మని చూడగానే తిప్పడం ఆపి, లేచి నిలబడి, రెండు చేతులూ జోడించాడు.

"రండి చెల్లెమ్మగారూ. కాఫీ తాగి వెళ్దురుగాని. ఇక్కడ మీకు పనేమీ మిగల్లేదు."

"మీరు తాగండి అన్నయ్యగారూ. మిగిలిందో లేదో నేను చూసుకుంటాను."

ఇద్దరూ డిటెక్టివులే. ఆవిడ చాలా ఏళ్ళు స్కూల్లో లెక్కలు చెప్పి, పిల్లల అబద్ధాలు పట్టుకోవడంలో చెయ్యి తిరిగాక, అదే పని పెద్దవాళ్ళ మీద మొదలుపెట్టింది. ఆయన పోలీసు ఉద్యోగంలో రిటైరై, పెద్ద కంపెనీలకి దొంగల్ని పట్టిచ్చే పని పెట్టుకున్నాడు. ఎన్నో ఏళ్ళు ఒకళ్ళ కేసులో ఒకళ్ళు వేలు పెట్టి, నోరారా తిట్టుకున్నారు. అంతలో ఆవిడ కూతురూ ఆయన కొడుకూ ఎక్కడో కలుసుకుని, పెళ్ళి చేసుకుంటామని ఎదురుగా వచ్చి కూర్చున్నారు. ఆ రోజుతో పాపం ఇద్దరికీ తిట్టుకునే సౌకర్యం పోయింది. ఇప్పుడు కడుపులో ఎంత మంట ఉన్నా 'గారు' తగిలించకుండా మాట బయటికి రాదు.

ఆయన్ని పంపింది కంపెనీ. ఆవిడని పిలిపించింది ఈ వర్క్‌షాప్ యజమాని కూతురు, ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్న పిల్ల. ఏడుపు గొంతులోనే ఆపుకుని ఫోన్లో రెండే ముక్కలు చెప్పింది. మా ఆయన్ని దొంగంటున్నారు టీచర్. సాయంత్రం ఐదింటికి కంపెనీవాళ్ళు పోలీసుల్ని వెంటబెట్టుకుని వస్తారట.

పోయింది ఒక గాజుబిళ్ళ.

ఆ వర్క్‌షాప్ తన పేరుతో ఏదీ అమ్మదు. లెన్సులు ఎంత ఖచ్చితంగా తయారయ్యాయో కొలిచే యంత్రాలకి ఒక పెద్ద కంపెనీ బొమ్మలు గీసి పంపిస్తుంది. ఇక్కడి పనివాళ్ళు వాటిని తయారుచేసి ఇస్తారు. పైన అతికించే పేరు మాత్రం కంపెనీది. ప్రతి యంత్రాన్నీ గేటు దాటే ముందు ఒక మాస్టర్ బిళ్ళతో సరిచూడాలి. భూమ్మీద చదును అంటూ ఏదైనా ఉంటే అది ఆ బిళ్ళేనని కంపెనీ నమ్మకం. నెలకోసారి సీలు వేసిన పెట్టెలో పంపిస్తారు, వారం ఉంచి పట్టుకుపోతారు. నిన్న మధ్యాహ్నం, అందరూ భోజనాలకి లేచిన వేళ, తాళం వేసిన పరీక్షల గదిలోంచి అది మాయమైంది. తాళంచెవి యజమాని అల్లుడి జేబులో ఉంది.

బిళ్ళ దొరక్కపోతే అల్లుడు స్టేషన్‌కి, వర్క్‌షాప్ పని ఇంకో ఊరికి.

వియ్యంకుడు డబ్బా మూత తీసి, బల్లమీదున్న మామూలు గాజుబిళ్ళ ఒకటి అందులోకి వదిలాడు. ఎవరో కొలత ఇచ్చి చేయించినట్టు చక్కగా కూర్చుంది. ఆయన మొహం వెలిగిపోయింది. నిన్న ఆ అమ్మాయి మొగుడికి అన్నం తెచ్చి గేటు దగ్గర బల్లమీద పక్కన కూర్చుని తినిపించిందనీ, తిన్నాక డబ్బా పట్టుకుని ఇంటికెళ్ళిపోయిందనీ, గేటు మనిషి దాని మూత తీసి చూడలేదనీ విడమరిచి చెప్పాడు.

టీచరమ్మ డబ్బాని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఆ బిళ్ళ మీద ఊపిరి తగిలినా మరకేనట కదా, వేలిముద్ర పడినా పాలిష్ పోతుందట కదా అని అమాయకంగా అడిగింది. ఔనన్నాడు ఆయన.

"మరి అంత విలువైనదాన్ని ఎత్తుకుపోయేవాడు కూర జిడ్డులో పెట్టి తీసుకుపోతాడా అన్నయ్యగారూ? ఇంటికెళ్ళేసరికి అది ఎందుకూ పనికిరాదు. దొంగ మీకన్నా తెలివితక్కువవాడని నేననుకోను."

వియ్యంకుడు నవ్వాడు. నవ్వేటప్పుడు ఆయన చెవులు ఎర్రబడతాయి. మనవడికీ అంతే. ఆ సంగతి ఆవిడ ఇంతవరకూ ఆయన ముందు ఒప్పుకోలేదు.

అల్లుడిని పిలిపించారు. వర్క్‌షాప్‌లో స్వీపరు దగ్గర్నుంచి వెల్డరు దాకా అతన్ని అల్లుడుగారనే పిలుస్తారు. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు. నిన్నటి గడ్డంతో, నిద్రలేని కళ్ళతో వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. తలుపు వెనకాల అతని భార్య చీర కొంగు కనబడుతూనే ఉంది. టీచరమ్మ ఆ కొంగుని లోపలికి వచ్చి కూర్చోమంది.

అతను చెప్పినదాంట్లో దాపరికం కనిపించలేదు. పొద్దుట ఒక యంత్రాన్ని సరిచూశాడు. తర్వాత మాస్టర్ బిళ్ళని దాని ఇత్తడి చట్రంలోంచి తీసి, స్పిరిటుతో తుడిచాడు. ఎప్పటికన్నా ఎక్కువ సేపే తుడిచాడు, ఎందుకంటే మూలన చిన్న దుమ్ము చుక్క ఒకటి వదలనంది. సరిగ్గా అప్పుడే భోజనాల గంట మోగింది. బిళ్ళని టేబుల్ మీద పెట్టి, తాళం వేసి బయటికొచ్చాడు. తిరిగి వెళ్ళేసరికి లేదు. రెండో తాళంచెవి మామగారిది. మామగారు ఆ సేపంతా అందరి ఎదురుగానే భోంచేస్తున్నారు.

టేబుల్ మీద ఎలా పెట్టావంది టీచరమ్మ.

"ఒక కిటికీ మీద పెట్టానండీ."

కిటికీ అంటే గోడలో కిటికీ కాదు. యంత్రం మూతికి దుమ్ము పోకుండా అడ్డం పెట్టే సాదా గాజుబిళ్ళ. చిన్న యంత్రాలకి పల్చటివి, పెద్ద యంత్రాలకి వాటికి రెట్టింపు మందమైనవి. వెడల్పు అన్నిటికీ ఒకటే, మాస్టర్‌కి కూడా అంతే. మందంలో మాస్టర్ పల్చటి కిటికీ లాంటిదే. టేబుల్ మీద గీతలు పడతాయని అల్లుడు మాస్టర్‌ని ఎప్పుడూ ఒక పల్చటి కిటికీని పీటగా వేసి దానిమీద కూర్చోబెడతాడు.

"మధ్యలో ఏమైనా వేస్తావా?"

అల్లుడు కాస్త నసిగాడు. రూలు ప్రకారం మెత్తటి కాగితం వేయాలి. మరీ చదునైన గాజులు రెండు ఒట్టిగా ఒకదానిమీద ఒకటి పెడితే, మధ్యలో గాలంతా మెల్లగా తప్పుకుని, జిగురు లేకుండానే కరుచుకుపోతాయి. కానీ కింద ఉన్నది కిటికీ కదా, దానికి అంత నునుపు ఎక్కడిది. ఇన్నాళ్ళుగా పెడుతున్నాడు, ఒక్కసారీ పట్టుకోలేదు. అందుకని కాగితం వేయడం మానేశాడు. ఆ మాట మామగారికి చెప్పొద్దని వేడుకున్నాడు.

"దొంగతనం కేసులో ఉన్నావు నాయనా, ఇంకా మామగారికి భయపడుతున్నావా?" అన్నాడు వియ్యంకుడు.

"మీకు మామగారు లేరేమోనండీ," అన్నాడు అల్లుడు దిగులుగా. ఆ దిగుల్లోనూ అతని భార్య ఫక్కున నవ్వింది. నవ్వినందుకు తనే నాలుక కరుచుకుంది.

పరీక్షల గదిలోకి వెళ్ళాలంటే తెల్ల గౌను, టోపీ, చేతులకి పల్చటి రబ్బరు తొడుగులు వేసుకోవాలి. ఉన్నవాటిలో పెద్ద గౌను కూడా వియ్యంకుడి పొట్ట దగ్గర మొరాయించింది. టీచరమ్మ వెనకనుంచి నాడాలు బిగించి కట్టిపెట్టింది. ఊపిరి పీల్చకండి అన్నయ్యగారూ, తెగిపోతాయి అని మర్యాదగా హెచ్చరించింది.

యజమాని అప్పటికే లోపల ఉన్నాడు. పెద్దాయన అంటారు అందరూ. కుర్రతనం నుంచీ గాజు రుద్దిన మనిషి. వేళ్ళ చివర ముద్రలు అరిగిపోయి, బొటనవేళ్ళు రెండూ వెడల్పుగా చదునెక్కాయి. నిన్నటినుంచి ముద్ద దిగలేదని కూతురు చెప్పింది. అల్లుడి వంక కన్నెత్తి చూడటం లేదు. కోపంతో కాదు, చూస్తే ఏడుపొస్తుందని.

గదికి ఒకటే తలుపు. అద్దాల గోడ ఒకవైపు. ఆ గోడ అవతల పనివాళ్ళు పని చేస్తున్నట్టు నటిస్తూ లోపలికే చూస్తున్నారు. నడిమధ్య బరువైన రాతి టేబుల్, దానిమీద సగం బిగించిన యంత్రం, పక్కన ఆకుపచ్చ దీపం. ఇప్పటికే మూడుసార్లు అంగుళం వదలకుండా వెతికారట. వియ్యంకుడి మనుషులు చెత్తబుట్ట అడుగు కూడా కోసి చూశారు.

టీచరమ్మ వెతకలేదు. మధ్యలో స్టూలు వేసుకుని కూర్చుంది.

"అందరూ లేనిదాన్ని వెతికారు. నాకు ఉన్నవాటిని చూపించండి."

అల్లుడు ఒక్కొక్కటే చూపించాడు. పల్చటి కిటికీల ట్రే. కడిగే తొట్టి. స్పిరిటు సీసా. మందం కిటికీల చెక్క స్టాండు. ఈ విడతలో ఎన్ని పెద్ద యంత్రాలు చేయాలో స్టాండుకి అన్నే గాళ్ళు తొలిపిస్తారు, ఒక్కొక్క గాడిలో ఒక్కొక్క బిళ్ళ నిలబడి ఉంటుంది. లెక్క తప్పకుండా ఉండటానికి పెద్దాయన పెట్టిన పద్ధతి అది. గాళ్ళన్నీ నిండి ఉన్నాయి. స్టాండు పైన, కాగితం పరుచుకుని, ఇంకో మందం బిళ్ళ పడుకుని ఉంది.

"ఈ మహానుభావుడికి సీటు దొరకలేదేం?" అంది టీచరమ్మ.

అల్లుడు దాన్ని అప్పుడే చూసినట్టు చూశాడు. అది నిన్న టేబుల్ మీద ఉందని, మాస్టర్ కోసం వెతికే తొందరలో అడ్డంగా ఉందని తనే తీసి అక్కడ పెట్టానని అన్నాడు.

"టేబుల్ మీద ఎక్కడ?"

"అదే, మాస్టర్‌ని పెట్టిన..." అని ఆగిపోయాడు. నోరు తెరుచుకునే ఉంది.

టీచరమ్మ లేచింది. ఆవిడ చెయ్యి బిళ్ళ మీదికి వెళుతుండగా, ఆ పొద్దంతా పెదవి విప్పని పెద్దాయన గట్టిగా అన్నాడు.

"దాన్ని ముట్టుకోకండమ్మా."

ఆవిడ చెయ్యి ఆగింది. పెద్దాయన ఆ బిళ్ళని చూడటం లేదు. పల్చటి కిటికీల ట్రేలో, చివరి వరసలో ఖాళీగా ఉన్న గాడిని చూస్తున్నాడు. రంగు వెలిసిన గుడ్డలా పాలిపోయాడు. టీచరమ్మ ఆ చూపుని మనసులో ఒక మూల భద్రంగా పెట్టుకుంది. అంచులు ముట్టుకుంటే ఏమీ కాదు కదా పెద్దాయనా అని మెల్లగా అడిగి, జవాబు కోసం ఆగకుండా బిళ్ళని రెండు చేతుల్తో అంచులు పట్టి ఎత్తింది.

పైనుంచి చూస్తే ఒకటే గాజు. ఇటునుంచి అటు దీపం తేటగా కనబడుతోంది. గీత లేదు, నీడ లేదు. ఆవిడ కళ్ళు మూసుకుని, తొడుగులోంచే బొటనవేలి గోరుతో అంచుని పైనుంచి కిందికి గీసింది. సరిగ్గా నడుమ గోరు చిక్కుకుంది. వెంట్రుకంత సన్నటి గాడి. చుట్టూ ఉంది. స్టాండులోంచి ఇంకో మందం బిళ్ళ తీసి దాని అంచు గీసింది. గోరు జారిపోయింది.

"అల్లుడుగారూ, దీన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు. నువ్వు భోంచేస్తుండగా అది పీటని కరుచుకుంది. నువ్వు తిరిగొచ్చి రెండు బిళ్ళల కోసం చూశావు. ఒకటే కనిపించింది. పోయినదాన్ని వెతకడానికి అడ్డంగా ఉందని, పోయినదాన్నే తీసి పక్కన పెట్టావు."

 అల్లుడు రాతి టేబుల్‌ని ఆనుకుని, అలా జారి, నేలమీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

రెండిటినీ విడదీయడం పెద్దాయన తప్ప ఇంకెవరూ చేయలేని పని. ఆయన కాసేపు కదల్లేదు. కూతురు "నాన్నా" అని ఒక్క మాట అంది. అప్పుడు తొడుగులు సర్దుకుని, జంటబిళ్ళని తీసుకుని, పై గాజు మీద అరచెయ్యి ఆనించి అలాగే పట్టుకున్నాడు. చేతి వేడికి పైది రవ్వంత సాగుతుందట, కిందది చల్లగానే ఉంటుందట. అంచున ఒక్క చుక్క స్పిరిటు వదిలి, పల్చటి బ్లేడు కొస గాడిలో ఆనించాడు. నెట్టలేదు, ఆనించాడంతే. గాజు లోపల ఒక మూల ఇంద్రధనుస్సు ముక్క పుట్టింది. అది మెల్లగా పాకి, విప్పారి, అవతలి అంచు దాకా వెళ్ళింది. చిట్ అని సన్నటి చప్పుడైంది. ఒక బిళ్ళ ఆయన కుడిచేతిలోకి, ఒకటి ఎడమచేతిలోకి వచ్చాయి.

కుడిచేతి బిళ్ళ అంచున కంపెనీ చెక్కిన నెంబరు ఉంది.

అద్దాల గోడ అవతల నటన ఆగిపోయింది. లేత్ మెషీను మనిషి ఈల వేశాడు. పెయింటింగ్ సెక్షన్ ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని గెంతారు. లోపల అమ్మాయి మొగుణ్ణి నేలమీంచి లేపబోయి, లేపలేక తనూ పక్కనే కూర్చుండిపోయింది. గౌన్లలో, టోపీల్లో ఇద్దరూ నవ్వుతుంటే, బడి నాటకంలో వేషాలు వేసుకున్న పిల్లల్లా ఉన్నారు. నిన్నటినుంచి ఆ వర్క్‌షాప్ మీద కూర్చున్న బరువు ఒక్కసారిగా లేచి ఎటో పోయింది.

వియ్యంకుడు కూడా చప్పట్లు కొట్టాడు. కపటం లేకుండానే కొట్టాడు. ఓటమి ఒప్పుకోవడంలో ఆయన ఎప్పుడూ పిసినారి కాదు. డబ్బా సంగతి ఇక ఎవరూ ఎత్తవద్దని కోరాడు. టీచరమ్మ తప్పకుండా ఎత్తుతాను అంది, ముఖ్యంగా మనవడి ముందు.

చప్పట్లు కొడుతూ కొడుతూ ఆయన చేతులు నెమ్మదించాయి. చూపు పెద్దాయన ఎడమచేతిలో ఉన్న బిళ్ళ మీద ఆగింది.  తను ఆలోచిస్తున్నదే ఆయనకీ తట్టిందని టీచరమ్మకి తెలిసిపోయింది. చొరవగా ఆయన మోచెయ్యి పట్టుకుని, పదండి అన్నయ్యగారూ, ఆకలేస్తోంది, ఏమైనా తిందాం అంది.

"మీరు నన్ను భోజనానికి పిలవడం ఇదే మొదటిసారి చెల్లెమ్మగారూ. అంటే ఇక్కడ ఏదో ఉందన్నమాట." ఆయన అల్లుడి వైపు తిరిగాడు. "బాబూ, కిటికీలు పట్టుకోవన్నావు. ఎన్నిసార్లు పెట్టినా పట్టుకోలేదన్నావు. మరి ఈ కిటికీ ఎందుకు పట్టుకుంది?"

అల్లుడు తెల్లమొహం వేశాడు. అతనికి నిజంగానే తెలియదు. పెద్దాయన ఆ తెల్లమొహాన్ని చూశాడు, చూసి నిలువునా నిటారుగా అయ్యాడు.

"అది కిటికీ కాదు బాబూ. నేను చేశాను."

ఇంక దాచలేదు. నెలలో వారం రోజులే మాస్టర్ ఇక్కడ ఉంటుంది. మిగతా రోజుల్లో తయారైన యంత్రాలు మూలన పడి ఉంటాయి, మనుషులు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటారు. మాకే ఒకటి ఉంచండని అడిగితే, చెప్పింది చేసే వర్క్‌షాప్‌కి మాస్టర్ ఎందుకన్నారట కంపెనీవాళ్ళు. ఆ మాట ఆయనకి గుచ్చుకుంది. మాస్టర్ ఉన్న వారాల్లో రాత్రుళ్ళు కూర్చుని, దాంతో పోల్చుకుంటూ, రుద్దుతూ, చల్లారనిస్తూ, మళ్ళీ పోల్చుకుంటూ ఇలాంటిదే ఒకటి చేశాడు. చేసి పల్చటి కిటికీల ట్రేలో చివరన దాచాడు. అల్లుడికి కూడా చెప్పలేదు. నిన్న అల్లుడి చేతికి పీటగా దొరికింది అదే.

వియ్యంకుడు గట్టిగా ఊపిరి వదిలాడు. ఒప్పందం ఆయన చదివాడు. మాస్టర్‌ని కాపీ చేస్తే దొంగిలించినట్టే. ఇందాకటిదాకా అల్లుడి మీద ఉన్న నేరం తుడిచిపెట్టుకుపోయింది, ఇప్పుడు మామ మీద పడింది. ఈసారి సాక్ష్యం చేతిలోనే ఉంది. తనకి జీతమిచ్చినవాళ్ళకి చెప్పక తప్పదని, చాలా బాధగా ఉందని అన్నాడు. బాధ అబద్ధం కాదు. అయినా ఫోను తీశాడు.

"ఒక్క నిమిషం బాబూ," అన్నాడు పెద్దాయన. "చెప్పేవాడివి మొత్తం చెప్పు. ఇంకోటి కూడా ఉంది."

తన బల్ల సొరుగులోంచి పాత మెత్తటి చొక్కా చుట్ట తీశాడు. విప్పితే అందులో ఇంకో బిళ్ళ. అల్లుడు తల పట్టుకున్నాడు. అమ్మాయి, నాన్నా ఇంకెన్ని ఉన్నాయి అంది. ఇంతేనమ్మా అన్నాడు ఆయన, ఇదీ పోయిన వారమే అయింది.

ఆకుపచ్చ దీపం వెలిగించాడు. మొదట తన బిళ్ళల్లో ఒకదాన్ని మాస్టర్ మీద, ఈసారి కాగితం అంచులు మధ్య పెట్టి, దీపం కింద ఉంచాడు. గాజులో నల్లటి గీతలు తేలాయి, పుస్తకంలో రూళ్ళలా తిన్నగా. గీతలు తిన్నగా ఉంటే రెండూ పొందికగా ఉన్నట్టట. రెండో బిళ్ళని మాస్టర్ మీద పెట్టాడు. మళ్ళీ తిన్నటి గీతలు. మాస్టర్‌ని పక్కకి తీసి, తను చేసిన రెండిటినీ ఒకదానిమీద ఒకటి పెట్టాడు.

గీతలు వంగాయి. వంగి, చుట్లు చుట్లుగా, నీళ్ళల్లో రాయి వేసినట్టు గుండ్రంగా విచ్చుకున్నాయి.

వియ్యంకుడికి అర్థం కాలేదు. టీచరమ్మకి అర్థమైంది.  ఇన్నేళ్ళు నల్లబల్ల మీద ఎన్నో రుజువులు రాసింది గానీ, ఇంత అందమైనది ఒక్కటీ రాయలేదు.

"అన్నయ్యగారూ, మీ అరచెయ్యి ఇవ్వండి. కొంచెం దోసిలిలా వంచండి. ఇది మాస్టర్ అనుకోండి." ఆవిడ తన పిడికిలి ఆయన అరచేతిలో పెట్టింది. "కుదిరింది కదా. నా రెండో పిడికిలి పెడతాను. అదీ కుదిరింది. ఇప్పుడు రెండు పిడికిళ్ళూ ఒకదానికొకటి ఆనిస్తాను. కుదరవు. ఎందుకు?"

ఆయన తన వంగిన అరచేతిని చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

"చెయ్యి చదునుగా లేదు కాబట్టి," అన్నాడు మెల్లగా.

"మాస్టర్ గుంటపడింది బాబూ," అన్నాడు పెద్దాయన. "కంటికి కనబడదు. కానీ కొలిచే యంత్రానికి అది చాలా పెద్ద గుంట. రెండు బిళ్ళలతో ఎప్పటికీ తెలియదు, వంకర ఎవరిదో. మూడోది ఉండాలి. అది పూర్తయ్యాకే నాకు తెలిసింది. చెప్పాలంటే నేను కాపీ చేశానని ఒప్పుకోవాలి. వారంనుంచి నోరు రాలేదు. ఈ బిళ్ళ చూసి మేం సరే అని పంపిన యంత్రాలు ఆపరేషన్లు చేసే మైక్రోస్కోపుల లెన్సుల్ని పాస్ చేస్తున్నాయి. డాక్టరు వాటిలోంచి చూసి కత్తి పెడతాడు."

ఆ మాటతో గదిలో సంతోషం తగ్గలేదు, రూపం మార్చుకుంది. అల్లుడు లేచి మామగారి పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. మామగారు నిన్నటి తర్వాత మొదటిసారి అతని మొహంలోకి చూసి, కాగితం వేయవురా నువ్వు అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో ఎవరికీ తెలియలేదు. అల్లుడు మాత్రం చెవులదాకా నవ్వాడు.

వియ్యంకుడు నంబరు నొక్కలేదు. ఫోను చేతిలోనే ఉంది. నుదుట చెమట పట్టింది. గౌను నాడా ఒకటి తెగింది, ఆయన గమనించలేదు. టీచరమ్మకి ఆయన మొహం బాగా తెలుసు. పాత రోజుల్లో, తప్పుడు మనిషిని పట్టుకున్నానని తెలిసినప్పుడు ఇలాగే పెట్టేవాడు.

"ఏంటి అన్నయ్యగారూ?"

"నిన్న ఈ కేసు నాకు ఇచ్చింది కంపెనీ మేనేజరు. బిళ్ళ పోయిందని వీళ్ళు ఫోన్ చేసిన గంటకే నన్ను పిలిచాడు. వస్తువు పోయినవాడి మొహంలో దిగులుంటుంది కదా. వాడు కులాసాగా ఉన్నాడు. వాడి తీరే అంతేనేమో అనుకున్నాను." ఆయన గొంతు తగ్గించాడు. "చెల్లెమ్మగారూ, ఈ గుంట సంగతి వాడికి ముందే తెలుసేమో. బిళ్ళని వెతకమని వాడు నాకు చెప్పనేలేదు. దొంగని చూపించమన్నాడు. అంతే."

ఆవిడ ఏమీ అనకముందే ఆయన చేతిలో ఫోను మోగింది. మేనేజరే. వియ్యంకుడు స్పీకరు నొక్కి, టేబుల్ మీద పెట్టాడు.

పని ఎంతవరకు వచ్చిందని అడిగాడు మేనేజరు. గొంతు హుషారుగా ఉంది. పోలీసు ఉద్యోగంలో నేర్చుకున్న నిదానంతో వియ్యంకుడు, అల్లుడి మీద అనుమానం గట్టిగానే ఉందండీ, బిళ్ళ మాత్రం ఇంకా వెతుకుతున్నాం అన్నాడు.

"వెతకడం ఎందుకండీ ఇంకా? అది మీ పని కాదుగా. ఐదింటిదాకా కూడా ఆగక్కర్లేదు. ఆ గదిలో ఉన్న గాజు సామానంతా సీజ్ చేసి పట్టుకొచ్చేస్తున్నాం, మా దగ్గర పగలగొట్టి చూసుకుంటాం. గేటు తీయమనండి. వచ్చేశాం."

అద్దాల గోడ అవతల, వర్క్‌షాప్ చివర, వ్యాను హారన్ రెండుసార్లు మోగింది. పనివాళ్ళందరూ అటు తిరిగారు.

పెద్దాయన మూడు బిళ్ళల్నీ దగ్గరికి లాక్కున్నాడు. వియ్యంకుడు ఫోను ఆపేసి, టోపీ సరిచేసుకుని, ఇన్నేళ్ళలో మొదటిసారి టీచరమ్మ పక్కకొచ్చి నిలబడ్డాడు, ఎదురుగా కాదు.

"దీపం ఆర్పకండి పెద్దాయనా, బిళ్ళలు మళ్ళీ దానికింద పెట్టండి," అంది ఆవిడ. "అమ్మాయ్, నీ ఫోనులో కెమెరా తీసి ఆ గీతల్ని పట్టు. అల్లుడుగారూ, తలుపు లోపలినుంచి గడియ వెయ్యి."